నెలసరి నొప్పి, ఓవర్ బ్లీడింగ్: మాత్ర వేళ నుంచి గర్భసంచి ఆపరేషన్ మాట దాకా

గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి రావడం, పక్కబట్టలు పాడవుతాయని రాత్రిపూట రెండు ప్యాడ్లు కలిపి పెట్టుకోవడం, రూపాయి బిళ్ల కంటే పెద్ద గడ్డలు పడటం, ఏడు రోజులు దాటినా ఆగకపోవడం. వీటిలో ఏ ఒక్కటి నెలనెలా ఉన్నా అది ఓవర్ బ్లీడింగే. "మా ఇంట్లో అందరికీ ఇంతే" అని సరిపెట్టుకోవద్దు. ఆ అందరికీ వైద్యం అవసరమై ఉండొచ్చు. "చెడు రక్తం పోతోంది, పోనీ" అనే మాట ఇంకా ప్రమాదం. పోయేది ఒంట్లో తిరిగే మంచి రక్తమే, దానితో పాటు ఇనుమూ పోతుంది. మామూలుగా ఒక నెలసరిలో పోయే రక్తం 30 నుంచి 40 మిల్లీలీటర్లు. 80 దాటితే ఎక్కువ కింద లెక్క.

ఒక మాట ముందే చెప్పాలి. గంటకు రెండు ప్యాడ్ల చొప్పున రెండు గంటలు వరసగా తడిసిపోతున్నా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా, గుండె దడ, ఆయాసం ఉన్నా ఇంటి చిట్కాలతో ఆగకండి. నెల తప్పాక ఒకవైపు పొత్తికడుపు నొప్పితో రక్తం కనిపించినా అంతే. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లండి.

ముందు లెక్క రాయండి

డాక్టర్ "ఎంత పోతోంది?" అని అడిగితే "చాలా పోతోందండీ" అంటాం. ఆ మాట ఎవరికీ ఏమీ చెప్పదు. ప్యాడ్ తీసేటప్పుడు ఒక్కసారి చూసి అంకె వేసుకోండి. కొద్దిగా మరక పడితే 1, సగం తడిస్తే 5, పూర్తిగా తడిసిపోతే 20. చిన్న గడ్డకు 1, పెద్ద గడ్డకు 5. నెలసరి ముగిశాక కూడండి. మొత్తం 100 దాటితే రక్తం ఎక్కువగా పోతున్నట్టే.

ఉదాహరణకు మొదటి రోజు రెండు మరక ప్యాడ్లు, రెండు సగం తడిసినవి: 12. రెండో రోజు నాలుగు పూర్తిగా తడిసినవి, ఒకటి సగం, రెండు పెద్ద గడ్డలు: 95. మూడో రోజు రెండు పూర్తిగా, రెండు సగం: 50. తర్వాత రెండు రోజులకు కలిపి 17. మొత్తం 174. ఈ కాగితం చూపిస్తే డాక్టర్‌కు సగం పని అయిపోయినట్టే. ప్యాడ్‌కు బదులు నెలసరి కప్పు (మెన్‌స్ట్రువల్ కప్) వాడేవాళ్లకు ఇంకా తేలిక, దాని మీదున్న గీతలు చూసి మిల్లీలీటర్లే రాసుకోవచ్చు. కాపర్ టీ ఉన్నవాళ్లు మాత్రం కప్పు తీసేటప్పుడు అడుగున నొక్కి గాలి పట్టు వదిలించాకే లాగాలి, లేకపోతే కాపర్ టీ కూడా జారి రావచ్చు.

కనీసం రెండు నెలలు రాయండి. నొప్పిని కూడా పదికి ఎంతో, ఏ గంటకు మొదలైందో, బడి లేదా పని మానాల్సి వచ్చిందో పక్కనే రాసుకోండి.

నొప్పి మాత్ర: వేళలోనే ఉంది కిటుకు

గర్భసంచి లోపలి పొర ఊడేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పుడతాయి. గర్భసంచి కండరాన్ని బిగించి పిండేవి ఇవే. కొందరికి ఆ రోజుల్లో విరేచనాలు, వాంతులు అయ్యేదీ వీటి వల్లే. మెఫనమిక్ యాసిడ్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు ఈ రసాయనం తయారవకుండా ఆపుతాయి. అప్పటికే తయారైపోయిన దాన్ని పెద్దగా ఏమీ చేయలేవు. అందుకే ఓర్చుకుని ఓర్చుకుని, మెలికలు తిరిగాక వేసుకుంటే "ఈ మాత్ర నాకు పనిచేయదు" అనిపిస్తుంది. మరక కనిపించగానే వేసుకోవాలి. తేదీ కచ్చితంగా వచ్చేవాళ్లు ముందు రోజే మొదలుపెట్టొచ్చు.

పెద్దవాళ్లకు మామూలు మోతాదు మెఫనమిక్ యాసిడ్ 500 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, లేదంటే ఐబుప్రోఫెన్ 400 మిల్లీగ్రాములు మూడుసార్లు. ఏదైనా ఒక్కటే, అన్నం తిన్నాకే, రెండు మూడు రోజులే. నొప్పి వచ్చినప్పుడల్లా ఒకటి కాకుండా వేళకు వేసుకుంటేనే ఫలితం. ఇలా వేసుకుంటే రక్తస్రావం కూడా పావు వంతుకు అటూ ఇటూగా తగ్గుతుంది, ఈ సంగతి చాలామందికి తెలియదు. 18 ఏళ్లలోపు అమ్మాయిలకు మోతాదు డాక్టరే చెప్పాలి.

ఎక్కువగా జరిగే పొరపాటు మందుల షాపు దగ్గరే జరుగుతుంది. స్ట్రిప్ కత్తిరించి రెండు మాత్రలు చేతిలో పెడతారు, వాటి మీద పేరు ఉండదు. తగ్గలేదని సాయంత్రం ఇంకో షాపులో ఇంకో రెండు. రెండింటిలోనూ ఉన్నది ఒకే మందు కావచ్చు. మెఫ్తాల్ స్పాస్‌లో మెఫనమిక్ యాసిడ్ 250, డైసైక్లోమిన్ 10 మిల్లీగ్రాములు ఉంటాయి. దాని మీద మెఫ్తాల్ 500 వేసుకుంటే అదే మందును మళ్లీ వేసుకున్నట్టే. పేరు కనిపించేలా స్ట్రిప్ మొత్తం అడిగి తీసుకోండి, లేదా ఫోన్‌తో ఫొటో తీసుకోండి. డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ కూడా ఇదే జాతి, వీటితో కలపకూడదు.

కడుపులో అల్సర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, నొప్పి మాత్రలతో ఉబ్బసం వచ్చేవాళ్లు ఈ జాతి మాత్రల జోలికి పోకూడదు. గర్భం ఉందేమో అన్న అనుమానం ఉన్నా వద్దు. వానాకాలంలో జ్వరంతో పాటు నెలసరి వస్తే, డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ మాత్రమే. మాత్రలు మొదలుపెట్టాక కొన్ని వారాల్లోపు జ్వరం, ఒంటి నిండా దద్దుర్లు వస్తే వెంటనే ఆపి డాక్టర్‌కు చూపించండి. మెఫనమిక్ యాసిడ్‌తో అరుదుగా వచ్చే ఇలాంటి తీవ్రమైన అలర్జీ గురించి 2023లో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరిక కూడా ఇచ్చింది.

మాత్ర పనిచేసేలోపు కాపడం పెట్టుకోండి. వేడినీళ్ల బ్యాగులో మరిగే నీళ్లు పోయొద్దు. మూడింట రెండు వంతులు నింపి, పైభాగం నొక్కి గాలి తీసేసి మూత బిగించండి, లేకపోతే ఉబ్బి కారుతుంది. తువ్వాలు చుట్టి పొత్తికడుపు మీద 15, 20 నిమిషాలు. చర్మం మీద వలలా గోధుమరంగు గీతలు పడుతున్నాయంటే వేడి మరీ ఎక్కువైందని అర్థం. శొంఠి కషాయం కూడా నొప్పికి కొంత మేలు చేస్తుంది, మొదటి మూడు రోజులు రోజుకు ఒకటి రెండు గ్రాముల పొడి చాలు. రక్తాన్ని మాత్రం అది ఆపదు.

రక్తం తగ్గించే మందులు

ట్రానెక్సమిక్ యాసిడ్ పనిచేసే తీరు వేరు. రక్తనాళాల మూతుల దగ్గర కట్టిన గడ్డ కరిగిపోకుండా కాపాడుతుంది. 500 మిల్లీగ్రాములవి రెండేసి మాత్రలు, రోజుకు మూడుసార్లు, ఎక్కువగా పోయే రోజుల్లోనే, నాలుగు రోజులకు మించకుండా వాడటం మామూలు పద్ధతి. నెలంతా వేసుకునేది కాదు. రక్తస్రావం సుమారు సగం దాకా తగ్గుతుంది, నొప్పి మీద పెద్దగా పనిచేయదు. కాళ్లలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, ఫిట్స్ ఉన్నవాళ్లు, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు చెప్పకుండా వాడకూడదు.

పెళ్లికనో, వ్రతానికనో, తిరుమల ప్రయాణానికనో నెలసరి వాయిదా వేసే మాత్రలు మన ఇళ్లలో చాలామంది వాడతారు. అవి ఎక్కువగా నోరెథిస్టెరోన్ 5 మిల్లీగ్రాములవి. తేదీకి మూడు రోజుల ముందు మొదలుపెట్టి రోజుకు మూడు వేసుకోవాలి. ఆపిన రెండు మూడు రోజుల్లో నెలసరి వస్తుంది, ఈసారి మామూలు కంటే ఎక్కువ పోవచ్చు. ఓవర్ బ్లీడింగ్ ఉన్నవాళ్లు ఏటా నాలుగైదు సార్లు ఇలా చేస్తే అసలు లెక్కే తప్పిపోతుంది.

ఇనుము

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అందుకే రక్తం ఎక్కువగా పోయే ప్రతి ఒక్కరూ హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. 12 కంటే తక్కువైతే రక్తహీనతే. వీలైతే ఒంట్లో ఇనుము నిల్వలు చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించండి. హిమోగ్లోబిన్ ఇంకా బాగానే కనిపిస్తున్నా నిల్వలు అడుగంటి ఉండొచ్చు. జుట్టు రాలడం, మెట్లెక్కితే ఆయాసం, బియ్యమో మట్టో తినాలనిపించడం దాని గుర్తులు.

ఐరన్ మాత్రలు పీహెచ్‌సీలో ఉచితంగా దొరుకుతాయి, ఆశా కార్యకర్తను అడగండి. మాత్రను నిమ్మకాయ నీళ్లతో వేసుకోండి. ముందూ వెనకా గంటసేపు టీ, కాఫీ, పాలు వద్దు, కాల్షియం మాత్ర ఉంటే వేరే పూట. కడుపులో తిప్పితే రోజు విడిచి రోజు వేసుకున్నా బాగానే ఒంటబడుతుంది. విరేచనం నల్లగా అయితే భయపడి ఆపకండి, అది మందు రంగే. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా నిల్వలు నిండటానికి మరో మూడు నెలలు కొనసాగించాలి. చాలామంది మళ్లీ మొదటికి వచ్చేది ఇక్కడ ఆపేయడం వల్లే.

తిండి విషయానికి వస్తే దానిమ్మ, బీట్‌రూట్ ఎరుపు చూసి మోసపోవద్దు, వాటిలో ఇనుము స్వల్పం. మేక కాలేయం, సజ్జలు, శనగలు, తోటకూర మేలు. కూర మీద నిమ్మరసం పిండుకుంటే ఆకుకూరల్లోని ఇనుము బాగా ఒంటబడుతుంది.

డాక్టర్ దగ్గర

కారణం తెలియకుండా మందులు మారుస్తూ పోవద్దు. రక్తపరీక్ష, థైరాయిడ్, గర్భం లేదని చూసే పరీక్ష, స్కానింగ్ మొదట జరగాలి. పెళ్లికాని అమ్మాయికి కడుపు మీద నుంచే స్కానింగ్ చేయొచ్చు. గంట ముందు లీటరు నీళ్లు తాగి మూత్రం ఆపుకుని వెళ్తే బొమ్మ స్పష్టంగా వస్తుంది. రజస్వల అయినప్పటి నుంచీ విపరీతంగా పోతుంటే, ముక్కు నుంచి తరచూ రక్తం కారుతుంటే, పన్ను తీయించినప్పుడు ఆగకపోతే ఆ మాట తప్పకుండా చెప్పండి. రక్తం గడ్డకట్టడంలో పుట్టుకతో వచ్చే లోపం కావచ్చు. స్కానింగ్ మామూలుగా వచ్చిందంటే నొప్పి అబద్ధమని కాదు, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిదే బయట కూడా పెరిగే జబ్బు) చాలాసార్లు స్కానింగ్‌లో కనిపించదు. 45 దాటినవాళ్లకు లోపలి పొర ముక్క తీసి పరీక్షించడం అవసరం. ముట్లు ఆగిపోయి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా వెంటనే చూపించాలి.

మాత్రలతో లొంగకపోతే హార్మోన్ లూప్ ఉంది. గర్భసంచిలో అమర్చే ఈ 52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ పరికరం ఆరు నెలల నుంచి ఏడాదిలో రక్తస్రావాన్ని బాగా తగ్గిస్తుంది, కొందరికి నెలసరే ఆగిపోతుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు మరకలు మరకలుగా కనిపిస్తుంది. ఇది ముందే తెలియకపోతే "పడలేదు" అని తీయించేసుకుంటారు. ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో పెరిగే క్యాన్సర్ కాని గడ్డలు) ఉంటే వాటి చోటునీ సైజునీ బట్టి వాటిని మాత్రమే తీసే పద్ధతులున్నాయి.

ఇక గర్భసంచి తీసేయడం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద ఈ ఆపరేషన్ అయిన మహిళలు 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. "పిల్లలు పుట్టేశారుగా, ఇంక దాంతో పనేముంది, క్యాన్సర్ వస్తుంది" అని భయపెట్టి ముప్పై ఐదేళ్లకే తీసేసిన సందర్భాలు తక్కువేం కావు. అనవసరపు గర్భసంచి ఆపరేషన్ల మీద 2023లో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. నిజంగా అవసరమయ్యే సందర్భాలున్నాయి, కాదనడం లేదు. కానీ ఒప్పుకునే ముందు అడగండి: నా జబ్బు పేరేమిటి, మందులతో లూప్‌తో చూశామా, ముక్క పరీక్ష అయిందా, ఆగితే ఏమవుతుంది. రిపోర్టులు పట్టుకుని ఆ ఆసుపత్రితో సంబంధం లేని ఇంకో గైనకాలజిస్టును కలవండి. అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజుతోనే ముట్లుడిగిన వయసు మొదలై ఎముకలు, గుండె దెబ్బతినే ముప్పు పెరుగుతుంది. కాబట్టి సంతకం పెట్టే కాగితంలో అండాశయాలు ఉంచుతున్నారో తీస్తున్నారో రాసి ఉందా, చదివించుకుని చూడండి.