కాలేజీ ఖర్చుల సర్వేకి అమెరికా ప్రభుత్వం ఓకే చెప్పేలోపు మన మాట ఎలా వేయాలి

టెక్సస్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీలో లెక్కల ఆఫీసు మాది. ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో మానేశారు, ఎవరికి ఎంత ఎయిడ్ వచ్చింది, ఇలా ప్రభుత్వం అడిగే ప్రతి ఫారం చివరికి మా టేబుల్ మీదికే వస్తుంది. చాలావాటిని విసుక్కుంటూనే నింపుతాం. ఒక్కదాని మీద మాత్రం నాకు గౌరవం ఉంది. చదువుకి డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తున్నారని విద్యార్థుల్నే అడిగే జాతీయ సర్వే అది. అసలు పేరు నేషనల్ పోస్ట్‌సెకండరీ స్టూడెంట్ ఎయిడ్ స్టడీ. మా మాటల్లో నిప్సాస్. 1986-87లో మొదలైంది, ఆ తర్వాత మూడు నాలుగేళ్లకోసారి జరుగుతూ వస్తోంది. చేసేది విద్యాశాఖలో ఉండే ఎన్‌సీఈఎస్ అనే గణాంక కేంద్రం.

మనవాళ్లకి దీంతో ఏం పని అంటారా? సిటిజన్, గ్రీన్‌కార్డ్ పిల్లలు ఎయిడ్ కోసం ఫాఫ్సా అనే ప్రభుత్వ దరఖాస్తు నింపుతారు కాబట్టి వాళ్ల వివరాలు ప్రభుత్వం దగ్గర ముందే ఉంటాయి. హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఎంఎస్‌కి వచ్చిన పిల్లాడికి ఫెడరల్ ఎయిడ్ లేదు, ఫాఫ్సా లేదు. నాన్న ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకులో లోన్ తీసిన సంగతి వాడు నోరు తెరిచి చెప్తే తప్ప ఇక్కడి ఏ రికార్డులోనూ కనపడదు. అందుకే ప్రశ్న ఎలా అడుగుతున్నారన్నది వాడి విషయంలో ఇంకా ముఖ్యం.

ఆ ప్రశ్నల మీద మనం మాట్లాడే అవకాశం చట్టంలోనే ఉంది. పేపర్‌వర్క్ రిడక్షన్ యాక్ట్ అని 1980లో వచ్చింది, 1995లో తిరగరాశారు. పది మందికి, అంతకంటే ఎక్కువ మందికి ఒకే ప్రశ్నలు వేయాలంటే ఏ ఫెడరల్ శాఖైనా ముందు వైట్‌హౌస్ బడ్జెట్ ఆఫీసు, అంటే ఓఎంబీ ఆమోదం తెచ్చుకోవాలి. ఆమోదం మహా అయితే మూడేళ్లు. దానికి ముందు ఫెడరల్ రిజిస్టర్‌లో, అంటే ప్రభుత్వ ప్రకటనల గెజెట్‌లో, రెండుసార్లు నోటీసు వేస్తారు. మొదటిది 60 రోజులు, దాని మీద అభిప్రాయాలు విద్యాశాఖకి వెళ్తాయి. రెండోది 30 రోజులు, ఇవి నేరుగా ఓఎంబీకే. మార్పు కోరాలంటే మొదటి నోటీసే మేలు, అప్పటికి కాగితాలింకా శాఖ చేతిలోనే ఉంటాయి.

నోటీసు ఎప్పుడొస్తుందో క్యాలెండర్ చూసి చెప్పే రోజులు పోయాయి. 2025 మార్చిలో విద్యాశాఖ సిబ్బందిని దాదాపు సగానికి కోసేశారు, ఎన్‌సీఈఎస్‌లో మిగిలింది వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. కాబట్టి ఫెడరల్ రిజిస్టర్ సైట్‌లో సర్వే పేరు వెతికి, ఆ సెర్చ్‌కి ఈమెయిల్ అలర్ట్ పెట్టేసుకోండి. కొత్త నోటీసు పడితే అదే వచ్చి చెప్తుంది.

నోటీసు దొరికాక మొదట చూడాల్సింది ఇది ఏ దశ ప్యాకేజీ, అంటే ఆమోదం కోసం పెట్టిన ఏ కాగితాల కట్ట అన్నది. నిప్సాస్ ఓఎంబీ నంబరు 1850-0666. అదే నంబరు కింద వేర్వేరు ప్యాకేజీలు వస్తుంటాయి. కాలేజీలను సంప్రదించి విద్యార్థుల లిస్టులు అడగడం ఒకటి, విద్యార్థులను ప్రశ్నలు అడగడం ఇంకొకటి. లిస్టుల ప్యాకేజీ తెరిచి ఉన్నప్పుడు లోన్ ప్రశ్న మీద రెండు పేజీలు రాస్తే అది గాలికి పోయినట్టే. లిస్టుల దశ మాలాంటి వాళ్లకి వదిలేయండి, దాని మీద గొణగడానికి మా దగ్గర చాలా ఉంది.

తర్వాత కాగితాలు. 60 రోజుల దశలో రెగ్యులేషన్స్ డాట్ గవ్‌లో ఆ నోటీసు ఫైల్ కింద, 30 రోజుల దశలో ఓఎంబీ ఆమోదాలు చూపించే రెగ్‌ఇన్ఫో డాట్ గవ్‌లో ఆ నంబరు కొడితే, సపోర్టింగ్ స్టేట్‌మెంట్ (శాఖ ఇచ్చే వివరణ) పార్ట్ ఎ, పార్ట్ బి, అనుబంధాలు కనిపిస్తాయి. పేజీలు చూసి టెన్షన్ పడకండి, అంతా చదవక్కర్లేదు. పార్ట్ ఎ మొదట్లో సర్వే ఎంత అవసరమో శాఖ తన గురించి తనే చెప్పుకుంటుంది, దాటేయండి. 9వ అంశంలో పాల్గొన్నవాళ్లకి డబ్బో బహుమతో ఇస్తారా అన్నది, 10లో గోప్యత, 12లో ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు పడుతుందన్న అంచనా ఉంటాయి. అసలు సరుకు అనుబంధాల్లో ఉంటుంది: ప్రశ్నలు, వాటి కింద ఇచ్చే ఆప్షన్లు. రెండో నోటీసు దశలో అయితే మొదటి విడత అభిప్రాయాలకి శాఖ ఇచ్చిన జవాబు కూడా చూడండి. మీ పాయింట్ ఇంకొకరు ముందే రాసి ఉంటే ఆ జవాబులో ఎక్కడ తేడా కొట్టిందో పట్టుకోవచ్చు.

ఇక రాయడం. నోటీసులోనే విద్యాశాఖ అడిగేవి ఉంటాయి: ఈ సమాచారం అవసరమా, సకాలంలో వాడతారా, శ్రమ అంచనా సరైనదేనా, నాణ్యత, స్పష్టత ఎలా పెంచొచ్చు, భారం ఎలా తగ్గించొచ్చు. వీటిలో ఒకదాన్ని పట్టుకుని, పేజీ నంబరు, ప్రశ్న చెప్పి, మార్చాల్సిన మాట మీరే రాసివ్వండి. 'సర్వేలు దండగ' అనో 'చాలా మంచి పని' అనో రాస్తే చదివేవాళ్లకి చేయడానికి ఏమీ ఉండదు.

నేనైతే ప్రైవేటు లోన్ల ప్రశ్న దగ్గర మన పిల్లల కోసం ఇలా రాస్తాను, ఇంగ్లీషులోనే అనుకోండి: "విదేశీ విద్యార్థులు చాలామంది స్వదేశంలోని బ్యాంకులో, కుటుంబ ఆస్తి తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుంటారు. ప్రైవేటు లోన్ ఉందా అంటే అమెరికా బ్యాంకు గురించే అడుగుతున్నారనుకుని లేదని చెప్పే అవకాశం ఉంది. ప్రశ్న కింద 'వేరే దేశపు బ్యాంకు అప్పు కూడా కలపండి' అన్న వాక్యం చేర్చండి. మొత్తాన్ని డాలర్లలో చెప్పాలంటే ఏ రోజు మారకం రేటు వాడాలో తెలపండి." అంతే, ఇంతకంటే పొడుగు అక్కర్లేదు. కాకపోతే పంపే ముందు ఆ విడత ప్రశ్నాపత్రం తెరిచి, ఆ వాక్యం ఇప్పటికే ఉందేమో చూసుకోండి.

60 రోజుల నోటీసుకైతే రెగ్యులేషన్స్ డాట్ గవ్‌లో పెట్టాలి. 30 రోజులదానికి రెగ్‌ఇన్ఫోలో కామెంట్ల కోసం తెరిచిన జాబితాలోకి వెళ్లాలి. మీరు రాసింది ఎవరైనా చదవొచ్చు. వీసా వివరాలు, సెవిస్ నంబరు (విదేశీ విద్యార్థికి ప్రభుత్వ రికార్డులో ఉండే నంబరు), మీ బ్యాంకు పేరు అందులో పెట్టొద్దు.

ఓఎంబీ ఏం తేల్చిందో రెగ్‌ఇన్ఫోలోనే నోటీస్ ఆఫ్ యాక్షన్ అన్న కాగితంలో ఉంటుంది. ఆమోదించారా, మార్పులతోనా, ఏమైనా షరతులు పెట్టారా అన్నది చూడండి. షరతులుంటే వాటిని చదవండి, తర్వాతి విడతకి శాఖ ఏం చేసి చూపించాలో అక్కడే తెలుస్తుంది.

రేపు మీ పిల్లలకే ఈ సర్వే నుంచి పిలుపు రావొచ్చు. విద్యార్థికి ఇది ఐచ్ఛికం, జవాబు ఇవ్వనంత మాత్రాన ఎవరూ ఏమీ చేయరు. ఇచ్చిన వివరాలు బయటపెట్టిన ఉద్యోగికి మాత్రం 5 ఏళ్ల దాకా జైలు, 2,50,000 డాలర్ల దాకా జరిమానా అని 2002 నాటి చట్టం చెప్తోంది. పిలుపు మీద ఓఎంబీ నంబరు, ఆ ఆమోదం గడువు తీరే తేదీ వెతకండి, రెగ్‌ఇన్ఫోలో సరిపోల్చండి. సర్వే పేరు చెప్పి ఫీజు కట్టమన్నా, గిఫ్ట్ కార్డులు కొనమన్నా ఫోన్ పెట్టేయమని పిల్లలకి చెప్పండి.