ఆటోమేటిక్ కారుతో ట్రాక్ డేకి వెళ్తున్నారా? గేర్లు మీ చేతిలోకి తీసుకునే ముందు ఈ జాగ్రత్తలు

మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో ట్రాక్ డే (మామూలు వాళ్లు సొంత కార్లని రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజు) ఉందంటే నెల్లూరు, విజయవాడ, హైదరాబాద్‌ల నుంచి సొంత కారు వేసుకుని వెళ్లేవాళ్లున్నారు. శ్రీపెరుంబుదూరు పక్కనే, ఇరుంగాట్టుకోట్టైలో ఉంది కాబట్టి కోయంబత్తూరు కరి స్పీడ్‌వే కంటే, గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్ కంటే మనకి ఇదే దగ్గర. ఒక చుట్టు 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. ఒకప్పుడు ఇలాంటి చోటికి వచ్చేవి దాదాపు అన్నీ మాన్యువల్ బండ్లే. ఇప్పుడు స్టీరింగ్ వెనక పాడిల్స్ (గేరు మార్చే మీటలు) ఉన్న ఆటోమేటిక్‌లూ వస్తున్నాయి. రోజూ డి లో (గేర్లు కారే మార్చుకునే మోడ్) పెట్టి ఆఫీసుకి వెళ్లే కారుని ఆ ఒక్క రోజు ఎం లో (మాన్యువల్ మోడ్) పెట్టి, గేర్లు మనమే వేసుకుందాం అనిపిస్తుంది. తప్పేం లేదు. అయితే ఒక మాట ముందే చెప్తాను: గేరు పెంచేటప్పుడు పొరపాటు జరిగితే పోయేది అర సెకను. దించేటప్పుడు జరిగితే బండే పోవచ్చు. అందుకే దించడం గురించే ఎక్కువ రాస్తున్నాను.

మీ గేర్‌బాక్స్ ఏ రకం?

ఏఎంటీ అయితే అది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కడం, గేరు వెయ్యడం మీ బదులు యంత్రం చేస్తుంది, అంతే. 2014లో మారుతి సెలేరియోతో మన దగ్గర బాగా పాకింది. గేరు మారిన ప్రతిసారీ బండి ఒకసారి ముందుకి ఊగుతుంది చూడండి, వేగంగా మలుపు తిరుగుతుండగా ఆ ఊపు వస్తే టైర్ల పట్టు చెదురుతుంది. నన్నడిగితే ఏఎంటీతో ట్రాక్ ఎక్కొద్దు. ఎక్కితే గేర్ల పనంతా స్ట్రెయిట్‌లోనే ముగించుకోండి.

సీవీటీలో అసలు గేర్లే ఉండవు, రెండు పుల్లీల మధ్య స్టీలు బెల్టు ఉంటుంది. హోండా సిటీ సీవీటీలో పాడిల్ నొక్కితే కనిపించే ఏడు అంకెలూ కంప్యూటర్ పెట్టిన మెట్లు మాత్రమే. వాటితో ఆడుకోవచ్చు గానీ ల్యాప్ టైమ్ తగ్గదు. ఎస్ (స్పోర్ట్ మోడ్) లో వదిలెయ్యడమే మేలు.

డ్యూయల్ క్లచ్ వాళ్లు ఒక లెక్క తెలుసుకోవాలి. ఫోక్స్‌వ్యాగన్ వర్టస్, స్కోడా స్లావియా 1.5 టీఎస్ఐలో వచ్చే 7 స్పీడ్ డీఎస్‌జీ (ఆ కంపెనీ డ్యూయల్ క్లచ్ బాక్సు పేరు) మోయగలిగేది 250 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం). ఆ ఇంజిను ఇచ్చేదీ సరిగ్గా 250. అంటే మిగులేమీ లేదు. చిప్ ట్యూనింగ్ (ఇంజిను కంప్యూటర్ సెట్టింగులు మార్చి పవర్ పెంచడం) చేయించి ట్రాక్‌కి తెచ్చేవాళ్లు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూసుకోవాలి. పైగా అది డ్రై క్లచ్, ఆయిల్‌లో మునిగి ఉండదు, గాలికే చల్లారాలి. విచిత్రం ఏంటంటే, ఫుల్ స్పీడులో ల్యాపు కొడుతున్నప్పుడు దానికి పెద్దగా కష్టం ఉండదు, క్లచ్ పూర్తిగా పట్టుకుని ఉంటుంది కాబట్టి. అది కాలిపోయేదంతా పిట్ లేన్ (ట్రాక్‌లోకి వెళ్లే పక్క దారి) క్యూలోనే. ముందు కారు అడుగు కదిలితే మనం అడుగు పాకిస్తాం, బ్రేకు సగం వదులుతాం, మళ్లీ తొక్కుతాం. ఆ సగం వదిలిన ప్రతిసారీ క్లచ్ జారుతూ వేడెక్కుతుంది. ఆగితే బ్రేకు గట్టిగా తొక్కి పూర్తిగా ఆగండి. నాలుగైదు కార్ల జాగా ఖాళీ అయ్యాక ఒకేసారి కదలండి. వెనకాలవాడు హారన్ కొడితే కొట్టనివ్వండి.

ఇక టార్క్ కన్వర్టర్. వర్టస్ 1.0 టీఎస్ఐతో వచ్చిన ఆరు గేర్ల బాక్సు నుంచి బీఎండబ్ల్యూలు వాడే జడ్‌ఎఫ్ ఎనిమిది గేర్ల బాక్సు దాకా ఈ కోవలోవే. ట్రాక్ దెబ్బలకి బాగా ఓర్చుకునేది ఇదే. దీని శత్రువు వేడి.

ఆయిల్ సంగతి

ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్లలో ఒకటి వేస్తే, ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది కదా. టార్క్ కన్వర్టర్‌లో గాలి బదులు ఆయిల్ ఉంటుంది. రెండు వైపులా వేగం సమానం కానంతసేపూ ఆ తేడా వేడిగా మారి ఆయిల్‌లోకే పోతుంది. రెండు వైపులనీ కలిపి బిగించే లాకప్ క్లచ్ పట్టుకున్నాక ఆ జారుడు ఆగుతుంది.

ట్రాక్ మీద మనం చేసే పని ఏంటంటే, ఎం లో పెట్టి గేరు దించడం మర్చిపోయి, నాలుగులోనే మలుపు నుంచి బయటికి యాక్సిలరేటర్ నేలకి తొక్కుతాం. ఇంజిను 2,000 ఆర్పీఎం దగ్గర మూలుగుతూ ఉంటుంది, లాకప్ వదిలేస్తుంది, కన్వర్టర్ జారుతుంది, ఆయిల్ ఉడుకుతుంది. డి లో ఉంటే కంప్యూటర్ తనే గేరు దించి ఉండేది. ఎం లో ఆ బాధ్యత మీది. హైవే మీద 80, 90 డిగ్రీల దగ్గర ఉండే గేర్‌బాక్స్ ఆయిల్ 120 దాటిందంటే త్వరత్వరగా చెడిపోవడం మొదలవుతుంది. చెన్నై ఎండ దీనికి తోడు.

కాబట్టి వెళ్లే ముందే ఆయిల్ చూపించండి. కొత్త ఆయిల్ సాధారణంగా ఎర్రగా, పారదర్శకంగా ఉంటుంది. నల్లగా తిరిగి మాడు వాసన వస్తుంటే ట్రాక్ ఆలోచన మానుకుని, ముందు మెకానిక్‌తో మాట్లాడండి. చాలా కొత్త కార్లలో డిప్‌స్టిక్ ఉండదు. ఆయిల్‌ని ఫలానా డిగ్రీలకి తెచ్చి, కింద ప్లగ్ విప్పి లెవెల్ చూడాలి. అది ఇంటి ముందు చేసే పని కాదు. కంపెనీ చెప్పిన గ్రేడే పోయాలి. డ్రెయిన్ చేస్తే సగం దాకా కన్వర్టర్‌లోనే ఉండిపోతుందని గుర్తుంచుకోండి. ఒక్కసారి మారిస్తే మొత్తం కొత్తదైనట్టు కాదు. వీలైతే ఒక ఓబీడీ రీడర్ (కారు కంప్యూటర్‌లోని అంకెలు చూపించే చిన్న పరికరం) పెట్టుకోండి. మీ కారు గేర్‌బాక్స్ వేడి చూపిస్తుందో లేదో ట్రాక్‌కి వెళ్లాక కాదు, ఇంటి దగ్గరే తేల్చుకోండి.

దించేటప్పుడు

ఉదాహరణకి మీ సెకండ్ గేరు నిష్పత్తి 2.1, థర్డ్ 1.4 అనుకోండి. థర్డ్‌లో 5,000 ఆర్పీఎం దగ్గర ఉన్నారు, గేరు దించడానికి ఎడమ పాడిల్ నొక్కారు. అదే వేగానికి సెకండ్‌లో ఇంజిను 7,500 తిరగాలి. ఎర్రగీత (ఇంజిను దాటకూడని హద్దు) 6,500 దగ్గరుంటే కంప్యూటర్ ఒప్పుకోదు. బీప్‌మంటుంది, లేదా ఏమీ అనకుండా ఊరుకుంటుంది. ఈ లెక్కన థర్డ్‌లో 4,300కి దిగాకే సెకండ్ పడుతుంది. పై గేర్ల మధ్య తేడా తక్కువ కాబట్టి అక్కడ కాస్త ముందే ఒప్పుకుంటుంది. ఈ అంకెలు మీ కారుకి ఎంతో ఒకసారి కాగితం మీద వేసుకుని చూడండి, ట్రాక్ మీద చెయ్యి దానంతటదే ఆగుతుంది.

ప్రమాదం ఆ మొదటి నొక్కులో లేదు. గేరు పడలేదని కంగారుపడి టకటకా నొక్కేస్తామే, అందులో ఉంది. బ్రేకు మీద బండి నెమ్మదిస్తూ ఉంటుంది, మీరు స్టీరింగ్ తిప్పడం మొదలుపెడతారు, సరిగ్గా అప్పుడు వేగం హద్దులోకి వచ్చి ఆ నొక్కుల్లో ఏదో ఒకటి పనిచేస్తుంది. ఇంజిను ఒక్కసారిగా చక్రాల్ని వెనక్కి పట్టి లాగుతుంది. ముందు చక్రాలతో నడిచే కారైతే స్టీరింగ్ తిప్పినా తిరగకుండా బయటికి జారిపోతుంది. వెనక చక్రాల కారైతే తోక తిరిగిపోతుంది, అది ఇంకా కష్టం. ఈఎస్‌సీ (బండి జారిపోకుండా పట్టే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) ఆన్‌లో ఉంటే చాలావరకు కాపాడుతుంది. దాన్ని ఆపే పని పెట్టుకోకండి.

వరస ఇలా ఉండాలి. స్టీరింగ్ నిటారుగా ఉండగానే గట్టిగా బ్రేకు. వేగం బాగా తగ్గాక ఒక పాడిల్ నొక్కు. ఇంజిను శబ్దం మారి గేరు పడిందని చెవికి తెలిశాక రెండో నొక్కు. ఆ తర్వాతే మలుపు. పడకపోతే వదిలెయ్యండి, ఒక గేరు ఎక్కువలో తిరిగితే కొంపలేం మునగవు. బండిని ఆపాల్సింది బ్రేకులు, గేర్‌బాక్స్ కాదు. అలిపిరి ఘాట్ దిగేటప్పుడు తక్కువ గేరులో పెట్టి ఇంజినుతో ఆపుకుంటూ వచ్చే అలవాటు మంచిదే, కానీ అది నిదానంగా నడిచే చోట పద్ధతి. ట్రాక్ మీద బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తదిగా ఉండాలి, ప్యాడ్లు మందంగా ఉండాలి.

గేరు పెంచడానికి అంత కథ లేదు. ఎర్రగీతకి మూడు నాలుగు వందల ఆర్పీఎం ముందే నొక్కండి, ఎందుకంటే నొక్కినప్పటికీ పడినప్పటికీ మధ్య కొంత జాప్యం ఉంటుంది. కొన్ని కార్లు ఎం లో ఉన్నా ఎర్రగీత దగ్గర తామే పై గేరు వేసేస్తాయి. కొన్ని వెయ్యవు, లిమిటర్‌కి (ఇంజిను అంతకు మించి తిరగకుండా ఆపే ఏర్పాటు) తగిలి కొట్టుకుంటూ ఉంటాయి. మీది ఏ రకమో కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. అలాగే కొన్నింటిలో ఎం లో ఉన్నా యాక్సిలరేటర్ చివర క్లిక్ దాటేలా తొక్కితే కిక్‌డౌన్ పడుతుంది, అంటే కారే గేరు దించేస్తుంది. మలుపు నుంచి బయటికి వస్తూ ఆ క్లిక్ దాకా వెళ్లకండి.

చేతులు, కాళ్లు

చాలా కార్లలో పాడిల్స్ స్టీరింగ్‌తో పాటే తిరుగుతాయి. హెయిర్‌పిన్‌లో (దాదాపు వెనక్కి తిరిగే మలుపు) స్టీరింగ్ సగం చుట్టు తిప్పాక, గేరు పెంచే ప్లస్ పాడిల్ ఎడమకి వచ్చేస్తుంది. చేతులు మెలికపడి ఉండగా ఏదో ఒకటి నొక్కితే అది తప్పుదే అవుతుంది. మెలికలో ఉన్నంతసేపు పాడిల్ జోలికి పోవద్దు.

లివర్‌తో వేసేవాళ్లకి ఇంకో తిరకాసు. ఫోక్స్‌వ్యాగన్‌లో ముందుకి తోస్తే గేరు పెరుగుతుంది, బీఎండబ్ల్యూలో వెనక్కి లాగితే పెరుగుతుంది. ఫ్రెండ్ కారు తీసుకుని ఎక్కితే ముందు ఇది చూసుకోండి. పాత కార్లలో డి, 3, 2, ఎల్ వరసలో ఉండే లివర్‌ని 3 నుంచి డి కి తోసేటప్పుడు ఊపు ఎక్కువై న్యూట్రల్‌లోకి పోవచ్చు. ఇంజిను రయ్యిమని లేస్తుంది. అప్పుడు వెంటనే డి లోకి లాగితే లోపల క్లచ్ ప్లేట్లు మాడతాయి. కాలు తీసి, ఆర్పీఎం పడనిచ్చి, ఆ తర్వాతే లాగండి.

అమెరికాలో డ్రాగ్ స్ట్రిప్‌కి (తిన్నటి దారిలో పోటీపడే ట్రాక్) వెళ్లే మనవాళ్లకి ఒక్క ముక్క: పవర్‌గ్లైడ్, టర్బో 400 లాంటి పాత బాక్సుల్లో మాన్యువల్ వాల్వ్ బాడీ (గేర్లన్నీ డ్రైవర్ చేతికే వదిలేసే భాగం) వేసి ఉంటే కాపాడే కంప్యూటర్ ఏదీ ఉండదు. ఎంత వేగంలో ఏ గేరు అడిగినా వేసేస్తుంది. రివర్స్ లాకౌట్ (పొరపాటున రివర్స్ పడకుండా ఆపే అడ్డు) పనిచేస్తోందో లేదో బండి ఆగి ఉండగానే చూసుకోవాలి.

ఎడమ కాలితో బ్రేకు తొక్కే ప్రయోగాలు వద్దు. రెండు పెడళ్లూ కలిసి పడితే ఇప్పటి కార్లు పవర్ కోసేస్తాయి, అదీ మలుపు మధ్యలో. బ్రేకు తొక్కిపట్టి రేజ్ చేసి ఎగరేసే స్టార్టులు కూడా అంతే. వర్క్‌షాపులో ఇలాగే బ్రేకు తొక్కిపట్టి రేజ్ చేసి చూసే స్టాల్ టెస్టుకే 5 సెకన్లు మించకూడదని హద్దు పెడతారు. డ్రైవర్ వైపు మ్యాట్ తీసెయ్యండి, కింద నీళ్ల సీసా ఉండకూడదు.

ట్రాక్ మీద రోజు ఎలా గడపాలి

మొదటి సెషన్ మొత్తం ఎస్ మోడ్‌లో, పాడిల్స్ ముట్టుకోకుండా తిరగండి. కారు ఏ మలుపుకి ఏ గేరు ఎంచుకుంటోందో వినండి. అది మీకు ఉచిత ట్యూషన్. రెండో సెషన్‌లో దించడం మాత్రమే మీరు చెయ్యండి. ఆ తర్వాత పూర్తిగా ఎం. ఒకేసారి ఎక్కువ ల్యాపులు కొట్టకుండా, మధ్యలో ఒకటి నిదానంగా తిరగండి.

గేరు బొమ్మతో హెచ్చరిక వెలిగినా, బండి ఒకే గేరులో బిగుసుకుపోయినా అది తనని తాను కాపాడుకునే పద్ధతి. ఆఫ్ చేసి ఆన్ చేసి ఇంకో ల్యాపు కొట్టే ప్రయత్నం చెయ్యొద్దు. చెయ్యి చూపించి, వేగంగా వచ్చేవాళ్ల దారి వదిలి, నిదానంగా పిట్‌లోకి రండి.

లోపలికి వచ్చాక వెంటనే ఇంజిను ఆపకండి. కాసేపు ఐడిల్‌లో ఉంచితే కూలర్ గుండా ఆయిల్ తిరుగుతుంది. కాలుతున్న డిస్కుల మీద హ్యాండ్‌బ్రేకు లాగొద్దు. చదును నేల మీద పూర్తిగా ఆపి, పి లో పెట్టి, టైరు కింద అడ్డు పెట్టండి. బండి ఇంకా పాకుతుండగా పి లోకి నెడితే లోపలి పళ్లు దెబ్బతింటాయి.

కాగితాల విషయానికొస్తే, ప్రైవేటు కారు పాలసీలో రేసింగ్, స్పీడ్ టెస్టింగ్, పేస్ మేకింగ్‌లకి కవరేజి లేదని రాసి ఉంటుంది. ట్రాక్ మీద జరిగిన నష్టం మీ జేబుదే అనుకుని వెళ్లండి. ప్రాక్టీసు పేరుతో ఔటర్ రింగ్ రోడ్ ఎక్కితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మొదటిసారికి మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

సాయంత్రం ఇంటికి బయల్దేరే ముందు కింద ఆయిల్ మరకలున్నాయేమో టార్చి వేసి చూడండి, వీల్ నట్లు చల్లారాక బిగించండి, టైర్లలో గాలి మళ్లీ మామూలు స్థాయికి తెచ్చుకోండి. హైదరాబాద్ దాకా రావాలంటే ఆరువందల కిలోమీటర్ల పైమాటే, ఆ రాత్రికి చెన్నైలోనే పడుకుని పొద్దున్నే బయల్దేరడం మంచిది.