తిత్లీ వానను పటంగా గీయడం: శాస్త్రీయ డేటా విజువలైజేషన్ నేర్చుకోదలచిన విద్యార్థులకు

ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో గానీ, విజయనగరంలోని జేఎన్‌టీయూలో గానీ సైన్సు లేదా ఇంజినీరింగు చదువుతున్నవారు శాస్త్రీయ డేటా విజువలైజేషన్ (డేటాను గ్రాఫులుగా, పటాలుగా చూపడం) నేర్చుకోవడానికి ఆ పేరుతో వేరే డిగ్రీ కోసం వెతకనక్కర్లేదు. గణాంకశాస్త్రం, ప్రోగ్రామింగు, మనిషి కన్ను గ్రాఫును చదివే తీరు అనే మూడూ కలిస్తేనే ఈ విద్య. మొదటి రెండూ ఏదో ఒక రూపంలో సిలబస్‌లో ఉంటాయి. మూడోదాన్ని సాధారణంగా ఎవరికి వారే నేర్చుకోవలసి వస్తుంది కాబట్టి, శ్రమలో ఎక్కువ పాలు దానికే కేటాయించడం మంచిది.

సాఫ్ట్‌వేర్ ముట్టుకునే ముందు గ్రాఫు కాగితం మీద ఒక అభ్యాసం చేయాలి. గణాంకవేత్త ఆన్‌స్కూంబ్ 1973లో నాలుగు చిన్న డేటా పట్టికలు ప్రచురించాడు. ఒక్కోదానిలో 11 బిందువులుంటాయి. నాలుగింటికీ సగటులు ఒకటే, రెండు రాశులు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే సహసంబంధ గుణకం కూడా దాదాపు 0.816 దగ్గరే నిలుస్తుంది. చేత్తో గీసి చూస్తే మాత్రం ఒకటి సరళరేఖకు దగ్గరగా, ఒకటి వంపుగా కనిపిస్తాయి. మిగిలిన రెండింటిలో ఒకే ఒక్క విడి బిందువు లెక్కనంతా తనవైపు లాగేస్తుంది. దీని తరువాత క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ 1984లో ప్రకటించిన ప్రయోగాలను చదవాలి. ఒకే స్కేలు మీద ఉన్న స్థానాలను మనం బాగా పోల్చగలమనీ, పొడవులను, కోణాలను, వైశాల్యాలను పోల్చేటప్పుడు తప్పులు పెరుగుతూ పోతాయనీ వారు చూపారు. సెమినార్లలో తరచు కనిపించే త్రీడీ పై చార్టు ఈ లెక్కన అన్ని విధాలా నష్టమే.

ఆపైన ఒకే డేటాను ఎంచుకుని సెమిస్టరంతా దానితోనే కుస్తీ పట్టాలి. శ్రీకాకుళం విద్యార్థికి 2018 అక్టోబరు నాటి తిత్లీ తుపాను వర్షపాతం కంటే మంచి పాఠం దొరకడం కష్టం. భారత వాతావరణ శాఖ 1901 నుంచి రోజువారీ వర్షపాతాన్ని 0.25 డిగ్రీల గళ్లుగా ఉచితంగా అందిస్తోంది. మన అక్షాంశం దగ్గర ఒక గడి వైశాల్యం సుమారు 730 చదరపు కిలోమీటర్లు. పాత ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా విస్తీర్ణం దాదాపు 5,800. అంటే జిల్లా మొత్తం ఎనిమిది గళ్ల పెట్టు. ఈ గళ్లను నునుపు చేసి రంగులు కలిపేస్తే, పలాసలో వాన వేరుగా, మందసలో వాన వేరుగా ఎవరో కొలిచినంత వివరంగా పటం తయారవుతుంది. ఆ వివరం సాఫ్ట్‌వేర్ పుట్టించినదే తప్ప డేటాలో లేదు. కనుక మొదటి పటంలో గళ్లను గళ్లుగానే గీయాలి, అందంగా లేకపోయినా సరే.

తేదీ దగ్గర మరింత జాగ్రత్త కావాలి. వాతావరణ శాఖ లెక్కలో ఒక రోజు వర్షపాతం అంటే ఆ ఉదయం 8.30తో ముగిసే 24 గంటల వాన. తిత్లీ పలాస సమీపంలో తీరం దాటింది అక్టోబరు 11 తెల్లవారుజామున. ఆ ఉదయం 8.30 తరువాత కురిసినదంతా 12వ తేదీ ఖాతాలో పడుతుంది. దీని పక్కన ఐరోపా వాతావరణ కేంద్రం వారి ఈఆర్ఏ5 గంటవారీ డేటాను (పరిశీలనలను వాతావరణ మోడల్‌తో కలిపి తయారుచేసినది) పెట్టి పోల్చాలనుకుంటే, అందులోని కాలం యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం. మన 8.30 అక్కడ 3.00 గంటలు. మూడు నుంచి మూడు వరకు కూడకుండా అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి కూడినవారికి, మోడల్ తుపానును తప్పు రోజున చూపిందనిపిస్తుంది. నిజానికి తప్పు మోడల్‌ది కాదు, కూడికది.

వాతావరణ శాఖ ఫైళ్లలో విలువ లేని గడికి −999 అని ఉంటుంది. దాన్ని తొలగించకుండా పటం గీస్తే రంగుల స్కేలు −999 నుంచి మొదలై, నేల మీది తేడాలన్నీ స్కేలు పై చివరన ఇరుక్కుని ఇంచుమించు ఒకే రంగులో కలిసిపోతాయి. ఖాళీ గళ్లకు తెలుపు వద్దు, బూడిద రంగు వేయాలి. తెలుపును చూసినవారు వాన పడలేదని అనుకుంటారు.

రంగుల విషయంలో ఇంద్రధనుస్సు స్కేలును పక్కన పెట్టాలి. డేటాలో లేని గీతలు పసుపు దగ్గర, లేత నీలం దగ్గర కంటికి కనిపించడం దాని దోషం. పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్ కూడా 2017లో వచ్చిన 2.0 వెర్షన్‌తో దాన్ని మానుకుని విరిడిస్ అనే రంగుల స్కేలుకు మారింది. మొత్తం వర్షపాతానికి లేత నుంచి ముదురుకు వెళ్లే ఒకే వరుస సరిపోతుంది. సాధారణం కంటే ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అని చూపేటప్పుడు మాత్రం సున్నా నడుమ ఉండేలా రెండు వైపులా విడిపోయే రంగులు కావాలి. పటాన్ని బజారులో నలుపు తెలుపు జిరాక్సు తీయించి చూడండి. ఎక్కువ వాన, తక్కువ వాన అప్పుడూ తెలుస్తుంటే స్కేలు చాలావరకు కుదిరినట్టే. ఎరుపు, ఆకుపచ్చల తేడా కనిపించనివారికీ అలాంటి పటమే ఉపయోగపడుతుంది.

పనిముట్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పైథాన్ భాషలో గళ్ల డేటాను చదివే ఎక్స్‌అరే, మ్యాట్‌ప్లాట్‌లిబ్ గానీ, ఆర్ భాషలో గ్రాఫులు గీసే జీజీప్లాట్2 గానీ, ఏదో ఒకటి చాలు, అన్నీ ఉచితమే. పారావ్యూ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌ను తుపాను లోపలి గాలుల వంటి త్రిమితీయ క్షేత్రాలతో పని పడినప్పుడే తెరవండి.

ఆరోగ్య డేటాను ఎంచుకునేవారికి ఒక హెచ్చరిక. ఉద్దానం కిడ్నీ వ్యాధిపై మండలాలవారీగా కేసుల సంఖ్యను పటంలో నింపితే, అది చాలావరకు జనాభా పటంగానే తేలుతుంది. వెయ్యి మందికి ఎందరనే రేటు చూపాలి. పరీక్షలు ఎక్కువగా జరిగిన చోట కేసులు ఎక్కువగా బయటపడతాయి కాబట్టి, ఎంతమందిని పరీక్షించారో కూడా పక్కనే ఇవ్వాలి. చిన్న గ్రామాల్లో ఒక్కో రోగికి ఒక్కో చుక్క పెడితే ఆ మనిషి ఎవరో ఊరికి తెలిసిపోతుంది; అలాంటి పటం గీయకూడదు.

ప్రాజెక్టు రిపోర్టులో ప్రతి పటం కింద డేటా ఎక్కడిది, యూనిట్లు ఏమిటి, రోజును ఎలా లెక్కించారు, ఖాళీ విలువలను ఏం చేశారు అన్నవి రెండు మూడు వాక్యాల్లో రాయాలి. గీతల గ్రాఫులను పీడీఎఫ్‌గా లేదా ఎస్‌వీజీగా దాచుకుంటే ముద్రణలో మసకబారవు. స్క్రిప్టును, డేటా ఫైలును మరో విద్యార్థికి ఇచ్చి, అతని కంప్యూటర్‌లో అదే పటం వస్తుందో లేదో వైవాకు ముందే చూసుకోవాలి. రాకపోతే సాధారణంగా ఫైలు చిరునామాలోనో, లైబ్రరీ వెర్షన్‌లోనో తేడా ఉంటుంది.