సాయంత్రమైతే "మా ఇంటికెళ్తా" అనే గోల: నా అనుభవం

డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉన్న పెద్దవాళ్లు సాయంత్రం కాగానే "మా ఇంటికెళ్తా" అంటూ తలుపు దగ్గరికి పోతారు. "ఇదే మన ఇల్లమ్మా" అని వాదించామా, మొండితనం రెట్టింపు. "మీ పెరట్లో ఏం చెట్లుండేవమ్మా?" అని అడిగి కూర్చోబెడితే చాలాసార్లు సర్దుకుంటారు.

విజయవాడలో మా అపార్ట్‌మెంటులో పనిచేసినవి ఇవీ. 5 గంటలకే, చీకటి పడకముందే, లైట్లన్నీ వేయాలి. మసక వెలుతుర్లో నీడలు మనుషుల్లా కనిపించి భయపడతారు. 3 తర్వాత కాఫీ, టీ బంద్. పగటి కునుకు అరగంటే. గడియ తలుపు పైభాగాన, కంటికి ఆనని ఎత్తులో బిగించాలి. బయట తాళం వేసి ఒంటరిగా మాత్రం వదలొద్దు, నిప్పంటుకుంటే గతేంటి? తప్పిపోతే పనికొచ్చేలా మన ఫోన్ నంబరు జేబులో చీటీగా కాదు, గుడ్డముక్క మీద రాసి బట్టల లోపల కుట్టాలి. చీటీ ఉతుకుల్లో పోతుంది.

మన ఎండల్లో దాహమైనా అడగరు. గంటకోసారి అరగ్లాసు నీళ్లు చేతికివ్వాలి (గుండె, కిడ్నీ జబ్బుంటే డాక్టరు చెప్పినంతే).

గోల ఒకటి రెండు రోజుల్లోనే హఠాత్తుగా పెరిగితే జబ్బు ముదిరిందనుకోకండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, కొత్తగా మొదలెట్టిన మాత్ర, ఏదైనా కావచ్చు. అదే రోజు డాక్టరుకు చూపించాలి. సొంతంగా నిద్రమాత్రలు వద్దే వద్దు, తూలి పడతారు.