ఇంగ్లండ్ పల్లె దారుల్లో మౌంటెన్ బైక్: రూటు ఎలా గీసుకోవాలి?

ఏటా ఏప్రిల్‌లో కాస్త ఎండ తగలగానే లండన్‌లోని మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "కొత్త బైక్ కొన్నాం అన్నా, ఎటు వెళ్దాం?" ఎవరో ఫోన్ యాప్‌లోంచి ఒక గీత పంపుతారు. పదిమంది దాని వెంట పోతారు. మధ్యాహ్నానికల్లా ఎవరిదో గోధుమ చేను మధ్యలో బైకులు భుజాన వేసుకుని, రైతు చేత మాటలు పడి, నాకు ఫోన్ చేస్తారు. పన్నెండేళ్లుగా ఈ దారుల్లో తొక్కుతున్నాను. తప్పు ఎప్పుడూ కాళ్లలోనో బైకులోనో ఉండదు, రూటు గీసుకోవడంలోనే ఉంటుంది. అందుకే ఒక్క రూటు పట్టుకుని, మొదటి నుంచి చివరిదాకా చెబుతాను.

ఆ రూటు సౌత్ డౌన్స్ వే చివరి ముక్క. ఇంగ్లండ్ దక్షిణాన సుద్ద కొండల మీదుగా పోయే పొడుగాటి దారి అది. మొత్తం దారి విన్చెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా 160 కిలోమీటర్లు. మనం తొక్కేది సౌత్‌ఈజ్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా, సుమారు 25. మొదటిసారి వెళ్లేవాళ్లకి ఇది చాలు. నాలుగు గంటలు పెట్టుకోండి.

సామాను

ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్న హార్డ్‌టెయిల్ చాలు. ఈ కొండలకి ఫుల్ సస్పెన్షన్ బరువు దండగ. టైరు 2.2 అంగుళాలకి తగ్గకూడదు. ఇక్కడి నేలలో చెకుముకి రాళ్లు కత్తుల్లా ఉంటాయి, కాబట్టి రెండు ట్యూబులు, పంపు, టైర్ లివర్లు. హెల్మెట్ పెట్టుకోవాలని ఇక్కడ చట్టం లేదు, అయినా పెట్టుకోండి. రెండు లీటర్ల నీళ్లు, గాలికి ఆగే పల్చటి జాకెట్. తినడానికి పల్లీ చిక్కీ. ఆ ఎనర్జీ జెల్స్ కొండెక్కేటప్పుడు కడుపులో తిప్పుతాయి, వద్దు.

రైలు

కారులో వెళ్లకండి. కారులో వెళ్తే మళ్లీ కారు దగ్గరికే రావాలి, అంటే సగం దారి ఎదురుగాలిలో. ఇక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి, నైరుతి నుంచి వీస్తుంది. పడమట మొదలుపెట్టి తూర్పుకి తొక్కితే అది మన వీపున ఉంటుంది. లండన్ విక్టోరియాలో ఎక్కి లూయిస్‌లో దిగి, సీఫర్డ్ వెళ్లే బండి మారితే సౌత్‌ఈజ్. తిరుగు ప్రయాణం ఈస్ట్‌బోర్న్ నుంచి నేరుగా. శని ఆదివారాల్లో పట్టాల పనులున్నాయేమో ముందురోజు చూసుకోండి. రైలు బదులు బస్సు వేస్తే అందులో మామూలుగా బైకు ఎక్కించుకోరు.

మ్యాపు: నిదానంగా చేయాల్సింది ఇదొక్కటే

ఇంగ్లండ్‌లో దారి కంటికి కనబడినంత మాత్రాన అది బైకు దారి కాదు. ఫుట్‌పాత్ అనగానే మనకి రోడ్డు పక్కన గట్టు గుర్తొస్తుంది. ఇక్కడ పల్లెల్లో ఆ మాటకి అర్థం పొలాల మీదుగా పోయే కాలిబాట, అది నడిచేవాళ్లకే. బైకుకి హక్కున్నవి మూడు: బ్రిడిల్‌వే, రెస్ట్రిక్టెడ్ బైవే (మోటారు బళ్లు రాకూడని బాట), బైవే (అన్ని బళ్లూ పోగల బాట). మనకి ఎక్కువగా తగిలేది మొదటిదే. బ్రిడిల్ అంటే కళ్ళెం. అది గుర్రాల దారి. 1968 నాటి కంట్రీసైడ్ చట్టంతో సైకిళ్లకి అక్కడ చోటు దొరికింది, నడిచేవాళ్లకీ గుర్రాలవాళ్లకీ దారి ఇవ్వాలన్న షరతుతో. మనం ఆ దారికి తర్వాత వచ్చిన అతిథులం. ఇది మనసులో ఉంటే మిగతా మర్యాదలు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇప్పుడు ఆర్డ్‌నెన్స్ సర్వే (ఇక్కడి ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వాళ్ల ఎక్స్‌ప్లోరర్ మ్యాపు కొనండి, నారింజ రంగు అట్ట, 1:25,000 స్కేలు. నాలుగు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. కాగితం మ్యాపే కొనండి. ఫోన్‌లో ఇది చేయలేరు, ఎందుకో చెబుతాను.

ఈ మ్యాపులో ఫుట్‌పాత్ పొట్టి పచ్చ గీతల వరస. బ్రిడిల్‌వే పొడుగు పచ్చ గీతల వరస. రంగు ఒకటే, మందం దాదాపు ఒకటే, తేడా గీత పొడవులోనే. కొండ వాలులో ఎత్తు చూపే గోధుమరంగు గీతలు దగ్గర దగ్గరగా పడిన చోట, అడవి పచ్చదనం మీద, ఆ తేడా కంటికి ఆనదు. ఫోన్ తెరని కాస్త వెనక్కి జరిపితే అసలే కనబడదు. జనం తప్పు చేసేది ఇక్కడే, పదిమందిలో తొమ్మిదిమంది.

నేను చేసే పద్ధతి ఇది. మ్యాపుని టేబుల్ మీద పరిచి, దీపం దగ్గరికి లాగి, భూతద్దం తీసుకోండి. అంచున ఉన్న గుర్తుల పట్టీలో ఆ రెండు వరసల్నీ ఒక నిమిషం చూడండి, కంటికి అలవాటవుతుంది. తర్వాత ఈస్ట్‌బోర్న్ నుంచి వెనక్కి రండి. మొదటి నుంచి మొదలుపెడితే అలసిపోయి చివర్లో చూపు జారుతుంది, ఊరు కాని ఊళ్లో చీకటి పడేదీ చివర్లోనే. ప్రతి కూడలిలో వేలు పెట్టి ఆపండి. కూడలికి ఇవతల గీత చూడండి, అవతల గీత చూడండి. రెండూ పొడుగైతేనే ఆ ముక్క మీద హైలైటర్ వేయండి. అనుమానం ఉన్న ముక్క మీద రంగు పడకూడదు.

బ్రిడిల్‌వేగా మొదలైంది కదా, అలాగే పోతుందిలే అనుకోకండి. పొలం నడిబొడ్డున అది ఫుట్‌పాత్ అయిపోవచ్చు. 1949 చట్టం తర్వాత ఈ దారుల్ని నమోదు చేసినప్పుడు సర్వే పారిష్‌ల (ఊరి స్థాయి పాలనా విభాగాల) వారీగా జరిగింది. ఒక పారిష్ గుర్రాల దారి అని రాసుకున్నదాన్ని పక్క పారిష్ కాలిబాట అని రాసింది. నేల మీద ఒకే దారి, సరిహద్దు దాటగానే మన హక్కు పోయింది. చట్టప్రకారం చెల్లేది కౌంటీ కౌన్సిల్ దగ్గరుండే డెఫినిటివ్ మ్యాప్. అనుమానం తీరకపోతే వాళ్ల వెబ్‌సైట్‌లో చూడండి.

ఇంకో రెండు వలలున్నాయి. నల్ల గీతల వరస కనబడితే అది నేల మీద దారి ఉందని చెబుతుందే గాని, వెళ్లే హక్కు ఉందని చెప్పదు. లేత పసుపు పూసిన భూమి 2000 నాటి చట్టం కింద అందరికీ తెరిచిన నేల, కాని అదీ నడకకే. స్కాట్లాండ్‌లో తొక్కొచ్చిన మిత్రులు "అక్కడ ఎక్కడైనా వెళ్లొచ్చు కదా" అంటారు. అక్కడి చట్టం వేరు, ఇక్కడిది వేరు.

ఇంత జాగ్రత్త పడ్డా మోసపోయే చోటు ఆల్ఫ్రిస్టన్. అక్కడ కక్‌మియర్ నది దగ్గర సౌత్ డౌన్స్ వే రెండుగా చీలుతుంది. ఒకటి దక్షిణంగా లిట్లింగ్టన్, సెవెన్ సిస్టర్స్, బీచీ హెడ్ మీదుగా సముద్రం పక్కనే పోతుంది. అది ఫుట్‌పాత్. రెండోది తూర్పుగా విండోవర్ హిల్ ఎక్కి జెవింగ్టన్ మీదుగా పోతుంది. అది బ్రిడిల్‌వే. రెండింటి పేరూ సౌత్ డౌన్స్ వేనే. రెండింటి స్తంభాల మీదా నేషనల్ ట్రయిల్ గుర్తు, ఆ ఓక్ చెట్టు కాయ బొమ్మే. మొదటిసారి వెళ్లినప్పుడు నేను ఆ బొమ్మనే నమ్మి నది పక్క దారి పట్టాను. కాసేపటికి కంచెకి అడ్డంగా చెక్కమెట్టు వచ్చింది. బైకు ఎత్తి దాటించాను. ఎదురొచ్చిన పెద్దావిడ ఏమీ అనలేదు, పక్కకి తప్పుకుని నిలబడింది. ఆ బాట మనిషి పట్టేంతే ఉంది. ఆవిడ గడ్డిలోకి దిగి నిలబడటం చూశాక నాకు ముందుకి తొక్కబుద్ధి కాలేదు. వెనక్కి తిప్పి నడిపించుకొచ్చాను.

కాబట్టి పేరు చూడకండి, బొమ్మ చూడకండి, స్తంభం మీది బాణం రంగు చూడండి. నీలం బ్రిడిల్‌వే. పసుపు ఫుట్‌పాత్. నేరేడు రంగు రెస్ట్రిక్టెడ్ బైవే. ఎరుపు బైవే. బాణం ఊడిపోయిన చోట ఇంకో ఆనవాలు ఉంది: గుర్రం చెక్కమెట్టు ఎక్కలేదు, అందుకే బ్రిడిల్‌వే మీద గేట్లే ఉంటాయి. మెట్టు ఎదురైతే దారి తప్పినట్టే. ఫుట్‌పాత్ మీద తొక్కడం సాధారణంగా నేరం కాదు, భూమి యజమానికి వ్యతిరేకంగా చేసే అతిక్రమణ. పొమ్మంటే పోవాలి. పట్టుకుంటారా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు, ఆ పెద్దావిడ గడ్డిలోకి దిగకూడదు.

తొక్కడం

మ్యాపు సరిగ్గా గీస్తే ఇక చెప్పేది తక్కువ. సౌత్‌ఈజ్ నుంచి మొదటి ఎక్కుడు నిటారుగా ఉంటుంది, దిగి నడిపించినా పర్లేదు. పైకి చేరాక 217 మీటర్ల ఫర్ల్ బీకన్ దాకా వీపు మీద గాలి, కుడి చేతివైపు దూరంగా సముద్రం. విండోవర్ హిల్ మీద లాంగ్ మ్యాన్‌కి ఎగువన పోతారు. కొండ వాలు మీద గీసిన 72 మీటర్ల ఆ మనిషి బొమ్మ పై నుంచి కనబడదు, వెతకొద్దు.

గుర్రం కనబడితే దూరం నుంచే వేగం తగ్గించి "హలో" అనండి. వెనక నుంచి చప్పుడు లేకుండా వచ్చే బైకు గుర్రానికి వేటాడే జంతువులా తోస్తుంది. మనిషి గొంతు వింటే నెమ్మదిస్తుంది. బెల్ కొట్టకండి. ఆవుకీ దూడకీ మధ్యలోంచి పోకండి. గేటు ఎలా ఉంటే అలాగే వదలండి.

జెవింగ్టన్ దిగుడు మాత్రం వాన పడిన మర్నాడు వద్దు. తడిసిన సుద్ద మీద టైరు సబ్బు మీద కాలేసినట్టు జారుతుంది. బ్రేకు వేయాల్సింది మలుపుకి ముందే, మలుపులో కాదు.

ఇంటికి చేరాక ఆ రాత్రే గొలుసు, బ్రేకులు నీళ్లతో కడగండి. సుద్ద పేస్టు తెల్లారేసరికి గచ్చులా గట్టిపడుతుంది, తర్వాత బ్రష్‌కి రాదు.