చిన్న దీవిలో పార్టీ కాకస్: డెలిగేట్ల లెక్క తేడా రాకుండా నిర్వహించడం ఎలా?

పసిఫిక్ మహాసముద్రంలో అమెరికా పాలనలో ఉన్న దీవులు అమెరికన్ సమోవా. అక్కడ పుట్టినవాళ్లు అమెరికా జాతీయులే గానీ పౌరులు కారు. నవంబరులో జరిగే అధ్యక్ష ఎన్నికలో ఆ దీవులకు ఓటు లేదు. అయినా అభ్యర్థిని ఎంపిక చేసే డెమోక్రటిక్ జాతీయ సదస్సుకు అక్కడి నుంచి డెలిగేట్లు, అంటే ప్రతినిధులు వెళతారు. ఏ అభ్యర్థికి ఎందరు డెలిగేట్లో కాకస్‌లో, అంటే పార్టీవాళ్లు ఒకచోట చేరి ఓటేసే సమావేశంలో తేలుతుంది. అధ్యక్షుడి విషయంలో అక్కడివాళ్ల మాట చెల్లేది ఇలాంటి పార్టీ కాకస్‌లలోనే కనుక ఒక్క ఓటు కూడా వృథా కాకూడదు.

ముందుగా ఎంపిక ప్రణాళిక రాయండి. ఎవరు ఓటు వేయవచ్చు, ఎక్కడ, ఎప్పుడు, డెలిగేట్లలో స్త్రీ పురుషులు సమానంగా ఉండేలా ఏం చేస్తారు అన్నవి అందులో ఉండాలి. 30 రోజులు ప్రజాభిప్రాయం తీసుకున్నాక పార్టీ జాతీయ కమిటీ ఆమోదానికి పంపాలి.

కాకస్ రోజు నమోదు బల్ల దగ్గర నిదానంగా ఉండండి. సంతకాలెన్నో బ్యాలెట్లూ అన్నే ఉండాలి. తేడా వస్తే అక్కడే తేల్చుకోండి, జనం ఇళ్లకు వెళ్లాక తేలదు. 2008లో గ్వామ్ అనే మరో అమెరికా దీవి కాకస్‌లో ఒబామాకు 2,264, హిల్లరీ క్లింటన్‌కు 2,257 ఓట్లు. తేడా 7 ఓట్లే!

అసలు తప్పులు జరిగేది ఓట్లను బట్టి డెలిగేట్ల పంపకంలో. 2020 అమెరికన్ సమోవా ఫలితం చూడండి: మొత్తం ఓట్లు 351, డెలిగేట్లు 6. బ్లూమ్‌బర్గ్‌కు 175, తులసీ గబ్బార్డ్‌కు 103, శాండర్స్‌కు 37, బైడెన్‌కు 31, వారెన్‌కు 5.

15 శాతం రానివాళ్లకు వాటా లేదు. 351లో 15 శాతమంటే 52.65, అంటే కనీసం 53 ఓట్లు రావాలి. ఇద్దరే మిగిలారు. ఇప్పుడు ఆ ఇద్దరి ఓట్లే కలపండి: 278. 175ను 278తో భాగించి 6తో గుణిస్తే 3.78, 103కు 2.22. పూర్ణాంకాలు 3, 2. మిగిలిన ఒక స్థానం దశాంశ భాగం పెద్దదిగా ఉన్నవారికి, అంటే బ్లూమ్‌బర్గ్‌కు. చివరికి 4, 2.

చాలామంది 278కి బదులు 351తోనే భాగిస్తారు. అప్పుడు 2.99, 1.76 వస్తాయి. ఇద్దరికీ పైకి సవరించినా 5 స్థానాలే నిండుతాయి, ఆరోది ఎవరికీ దక్కదు.

2024లో అక్కడే 6 డెలిగేట్లకు జేసన్ పామర్‌కు 51, బైడెన్‌కు 40 ఓట్లు వచ్చాయి. లెక్క 3.36, 2.64. ఆరో స్థానం బైడెన్‌దే, కాబట్టి చెరి 3. గెలిచినవారి మద్దతుదారులు ఎందుకని అడుగుతారు. అందుకే ఫలితాల పత్రంలో ఓట్లతో పాటు ఈ దశాంశాలనూ రాసి గోడకు అంటించండి.