ఏటిగట్టు కోతకు మరమ్మతు మొదలుపెట్టే ముందు

గోదావరికి వరద సాధారణంగా జూలై నుంచి సెప్టెంబరు వరకు వస్తుంది కనుక, మట్టిపని వేసవిలోనే ముగించాలి. వట్టివేరు, రెల్లు వంటివి మాత్రం వరద తీశాక నాటితే వేళ్లు దిగడానికి వ్యవధి దొరుకుతుంది.

గట్టు జారేది వరద ఉధృతిలోనే అనుకోవడం పొరపాటు. ధవళేశ్వరం దిగువన నీరు త్వరగా తగ్గినప్పుడు, తడిసి బరువెక్కిన ఒండ్రుమట్టికి అప్పటిదాకా ఆనుకుని ఉన్న నీటి ఒత్తిడి పోయి, లోపలి ఊట బయటికి నెట్టుకొస్తూ, నిలువుగా కోసుకుపోయిన ఒడ్డు పెళ్లలుగా విరిగిపడుతుంది. అందుకే ముందుగా వాలు తగ్గించాలి. వాలుపై పేర్చే రాళ్ల కింద మట్టి జారకుండా, నీరు మాత్రం బయటికి పోయేలా వడపోత పొర వేయాలి. పునాది దగ్గర కోత ఆపకుండా పైన ఎన్ని రాళ్లు పేర్చినా వృథాయే.

ప్రవాహాన్ని మళ్లించే గ్రోయిన్లు (ఒడ్డు నుంచి ఏటిలోకి పొడుచుకొచ్చే కట్టలు) కట్టదలిస్తే, గోదావరి పాయలైన గౌతమి గాని వసిష్ఠ గాని ఎదుటి ఒడ్డున ఉన్న లంకను (ఏటి మధ్య దీవిని) కోయదని నీటిపారుదల ఇంజనీర్లు పరిశీలించి, అనుమతి ఇచ్చిన తరువాతే పనికి దిగాలి. మన ఊరి గట్టు కోసం పక్క లంక రైతు కొబ్బరితోటను ఏటికి అప్పగించడం న్యాయం కాదు.

గట్టుకు కావలసిన మట్టిని గట్టు అడుగు పక్కనే తవ్వకూడదు.

కోరింగ వైపు ఉప్పునీటి పాయల్లో మడచెట్లే సరైన రక్షణ. అక్కడ నీటికుక్కల బొరియలు ఉన్నాయేమో చూడకుండా యంత్రాలు దింపరాదు.